నైస్ అంటే

ప్రవీణ్ నోట్లో ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నైస్. కాఫీ తెచ్చిస్తే నైస్, ఎవరైనా కొత్త చొక్కా వేసుకొస్తే నైస్, రాత్రంతా కళ్లు మండేలా కూర్చుని రాసిన ప్రోగ్రామ్ చూపించినా నైస్. ఒకసారి టీమ్‌లోని అజయ్ వాళ్ల తాత పెద్దకర్మకు సెలవు కావాలని అడిగితే కూడా, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా నైస్ అన్నాడు. అజయ్ నొచ్చుకోలేదు. ఆ సంగతి ఆఫీసంతా చెప్పి చాలాకాలం నవ్వించాడు.

మనిషి చెడ్డవాడేమీ కాదు. ఎవరి మీదా గొంతు పెంచడు, ఎవరి పనికీ వంక పెట్టడు. వంక పెట్టాలంటే ముందు ఆ పని చూడాలి కదా, అంత శ్రమ ఎందుకని నైస్ అనేస్తాడు. అనంతపురం నుంచి వచ్చి మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్ అయ్యాడు. అందులో సగం దూరం ఆ మాటే మోసుకొచ్చిందని నా అనుమానం.

ఆ కంపెనీలో శుక్రవారం టీ వేళకు ఒక అలవాటు ఉంది. కొత్తగా చేరినవాళ్లకు నలుగురి ముందు మాట్లాడే భయం పోవాలని మేనేజర్ స్వప్న మొదలుపెట్టింది. వారానికొకరు లేచి ఒక ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టింది, ఎలా మారింది, ఇప్పుడెలా వాడుతున్నాం అన్నది చెప్పాలి. మాట ఎంచుకునే హక్కు మాత్రం చెప్పేవాళ్లకు లేదు. ఎవరు ఏ మాటను అరగదీస్తున్నారో చూసి, అదే వాళ్ల నెత్తిన పెడతారు. అజయ్‌కి ‘యాక్చువల్లీ’ వచ్చింది. ప్రవీణ్ వంతు రాగానే అందరూ ఒక్కసారిగా నైస్ అని అరిచారు. ప్రవీణ్ కూడా నవ్వుతూ ఒప్పుకున్నాడు.

తీరా అతను చెప్పాల్సిన వారం వచ్చేసరికి ఆఫీసులో ఎవరికీ నవ్వే ఓపిక లేదు. దానికి కారణం నవనీత అని అందరూ అనుకుంటున్నారు.

నవనీతది జనగామ దగ్గర పల్లె. తండ్రి ఐలయ్య ఈ చుట్టుపక్కల లేచే అపార్ట్‌మెంట్లలో సెంట్రింగ్ పని చేస్తాడు. ఆ ఇంట్లో కంపెనీ గుర్తింపు కార్డు మెడలో వేసుకున్న మొదటి మనిషి ఈ పిల్ల. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. రక్తపరీక్షలు చేసే ఒక సెంటర్ కోసం కంపెనీ తయారుచేస్తున్న యాప్‌లో, పేషెంట్లకు మెసేజ్‌లు పంపే భాగం ఆమెకు అప్పగించారు. అందులో ఒకటి, ఏమీ తినకుండా పరగడుపున రమ్మని చెప్పే మెసేజ్.

ఆ పని నడుస్తున్నప్పుడు ఒకరోజు నవనీత ప్రవీణ్ సీటు దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా, జర ఒక మాట. తినకుండ రమ్మనే మెసేజ్ పరీక్ష రోజు పొద్దుగాల పోతున్నది. గప్పటికే ముసలోళ్లు ఏదో ఒకటి తినేస్తరు గదా. ముందురోజు సాయంత్రమే పోయేటట్టు మార్చనా?"

ప్రవీణ్ అప్పుడు పుప్పాలగూడలో తాను కొనాలనుకుంటున్న ఫ్లాట్ వీడియో చూస్తున్నాడు. సరిగ్గా బాల్కనీ వచ్చింది. దూరంగా చెరువు కూడా కనిపిస్తోంది.

"నైస్," అన్నాడు.

నవనీత కాసేపు అక్కడే నిలబడింది. మార్చమన్నట్టో, ఉన్నదే బాగుందన్నట్టో ఆమెకు అర్థం కాలేదు. రెండోసారి అడిగితే ఈ మాత్రం తెలియదా అనుకుంటారని భయపడింది. లీడ్ మార్చమని తేల్చి చెప్పలేదు గనక పాత టైమే ఉంచేసింది.

యాప్ మొదలైన వారమే గొడవైంది. పరీక్షలకు వచ్చినవాళ్లలో చాలామంది ఇడ్లీయో, చద్దన్నమో తినేసి వచ్చారు. సెంటర్ వాళ్లు వెనక్కి పంపేశారు. పరిగి నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చిన ఒక షుగర్ పేషెంట్, ముసలామె, మళ్లీ రేపు రమ్మంటే మెట్ల మీద కూర్చుని ఏడ్చిందట. ఆ సెంటర్ యజమాని ఫోన్ చేసి స్వప్నను నానా మాటలూ అన్నాడు.

స్వప్న టీమ్ మొత్తాన్ని కూర్చోబెట్టింది.

"నవనీతా, ఈ టైమ్ పెట్టే ముందు ఎవరినైనా అడిగినవా?"

నవనీత తలెత్తి ప్రవీణ్ వైపు చూసింది. ఆ చూపు ఎందుకో అతనికి తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. అతనికి అంతా గుర్తొచ్చింది. బాల్కనీ, చెరువు, పక్కన నిలబడి ఎవరో ఏదో అడుగుతున్న గొంతు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాడు. కానీ తన ప్రమోషన్ మాట నడుస్తోంది, పైగా ఎదురుగా స్వప్న మండిపడుతోంది. ల్యాప్‌టాప్ తెరలో అవసరం లేని దాన్నేదో పైకీ కిందికీ జరపడం మొదలుపెట్టాడు. కాసేపటికి నవనీత తల దించుకుంది.

"తెల్వకపోతే అడగాలె గదమ్మా," అంది స్వప్న, అందరూ వింటుండగానే. "పేషెంట్లతోని ఆటలా? గింత చిన్న ఆలోచన కూడ రాకపోతే ఎట్ల?"

మీటింగ్ అయ్యాక ప్రవీణ్‌ను ఆపి, ఆ అమ్మాయిని కన్ఫర్మ్ చేయొద్దని హెచ్‌ఆర్‌కు చెప్పబోతున్నానంది. అతను సరేనని అనలేదు, వద్దనీ అనలేదు. "చూద్దాం లేండి," అన్నాడు. ఆ మాట అన్నందుకు లిఫ్టులో అద్దంలో తన ముఖం తనే చూసుకోలేకపోయాడు. సిగ్గు అనేది ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుందని మనం అనుకుంటాం. చాలాసార్లు దానివల్లే మూతపడుతుంది.

శుక్రవారం పొద్దున హఫీజ్‌పేట్‌లో లోకల్ రైలెక్కి, కమ్మీ పట్టుకుని నిలబడి, ఫోన్‌లో నైస్ పుట్టుక వెతికాడు. చదువుతుంటే చెవులు వేడెక్కాయి. పక్కనున్న మనిషి తన ఫోన్‌లోకి తొంగిచూస్తున్నాడేమోనని దాన్ని గుండెలకు ఆనించుకున్నాడు. ఎవరూ చూడటం లేదు. హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగేసరికి, దీన్ని నవ్వులాటగా చెప్పి బయటపడొచ్చని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

టీ వేళకు అందరూ కప్పులతో చేరారు. నవనీత తలుపు పక్కన కూర్చుంది. ప్రవీణ్ లేచాడు.

"ఈ మాట మూలం లాటిన్‌లో ఉందప్పా. అక్కడ దీని అర్థం ఏమీ తెలియనివాడు అని. ఫ్రెంచ్‌లోకి వచ్చేసరికి తెలివితక్కువవాడు. ఇంగ్లీషులో కూడా మొదట్లో తిట్టే. ఎవరినైనా నైస్ అంటే మూర్ఖుడా అన్నట్టు. తర్వాత సిగ్గరి అన్నారు, సుకుమారి అన్నారు, ప్రతిదానికీ పేచీ పెట్టేవాడు అన్నారు, ప్రతిదాన్నీ పరీక్షగా చూసేవాడు అన్నారు. అట్లా అర్థాలన్నీ తిరిగి తిరిగి, చివరికి బాగుంది దగ్గర ఆగింది."

"అంటే అన్నా, మా తాత పెద్దకర్మకు మీరు పాత అర్థంల అన్నరా, కొత్త అర్థంలనా?" అన్నాడు అజయ్.

అందరూ పగలబడి నవ్వారు. స్వప్న కూడా ఆ వారంలో మొదటిసారి నవ్వింది. ప్రవీణ్ నవ్వుతూనే తలుపు వైపు చూశాడు. నవనీత నవ్వడం లేదు. అతని ముఖంలోకే చూస్తోంది, ఇంకా ఏదో చెప్పబోతున్నాడన్నట్టు. అతను థాంక్యూ అని కూర్చున్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు అతనికి ఒంటి మీద కంపరం పుట్టించాయి.

అందరూ సీట్లకు వెళ్లాక ఆమె దగ్గరికి వెళ్లాడు.

"ఆ పొద్దు నువ్వు నన్ను అడిగితివి కదా. మీటింగ్‌లో ఎందుకు చెప్పకపోతివి?"

"నేను చెప్తే ఎవలు నమ్ముతరన్నా? కొత్తదాన్ని. తప్పు చేసి లీడ్ మీదికి తోస్తున్నదంటరు." గొంతు తగ్గించి అంది. "మీరే చెప్తరనుకున్న. గా రోజు చెప్తరనుకున్న. ఇందాక లేచి గా మాట అర్థం చెప్తుంటే, ఇగ ఇప్పుడు చెప్తరనుకున్న."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ప్రవీణ్ వెనక్కి తిరిగి స్వప్న కేబిన్ తలుపు తోసుకుని వెళ్లాడు. నిలబడే మొత్తం చెప్పాడు. వినలేదని, వినకుండానే జవాబిచ్చానని, గుర్తొచ్చాక కూడా ఊరుకున్నానని.

"గా పిల్లను నీ ముంగటనే అన్ని మాటలంటుంటే ఎట్ల కూసున్నవయ్యా?" అంది స్వప్న. ఆమె ఫోన్ తీసి హెచ్‌ఆర్‌కు చెప్పాల్సింది చెప్పింది.

ప్రవీణ్ బయటికి వచ్చాడు. గుండె మీద బరువు దిగినట్టే ఉంది. నవనీత బ్యాగు సర్దుకుంటోంది.

"స్వప్నగారికి అంతా చెప్పేసినా. నీ ఉద్యోగానికి ఏం కాదు. ఇంక దిగులు పెట్టుకోవద్దు."

నవనీత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మణికట్టుతో తుడుచుకుంది. తర్వాత అడిగింది.

"అందరి ముందట చెప్పిన్రా అన్నా, కేబిన్ల చెప్పిన్రా?"

ఆమెను అన్నది అందరి ముందు. తను ఒప్పుకున్నది తలుపు వేసుకుని. దిగిందనుకున్న బరువు దిగనేలేదు.

"కేబిన్‌లోనే," అన్నాడు.

"మంచిదన్నా," అంది ఆమె. బ్యాగు జిప్పు వేసింది.

అప్పటికే క్యాబ్ వచ్చిందని అజయ్ అందరినీ తొందర పెడుతున్నాడు. బ్యాగులు భుజాన వేసుకుని తలుపు దగ్గర గుమిగూడారు. ప్రవీణ్ వెళ్లి వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఒక్క నిమిషం ఆగండప్పా. ఒక మాట చెప్పాల."

ఇంకో మాట పుట్టుక చెప్తాడేమోనని వాళ్లు ముందే నవ్వు ముఖాలు పెట్టారు. అజయ్ వెనక్కి తిరిగి, రమ్మని ఇంకొకరిని కూడా పిలిచాడు. ప్రవీణ్ ఆ నవ్వుల్ని ఒక్కొక్కటిగా చూశాడు. అవి ఇంకాసేపట్లో ఉండవని అతనికి తెలుసు.

"నవనీత నన్ను అడిగింది," అన్నాడు. "నేనే వినలేదు."