ఈకల టోపీ పెట్టుకున్న జలంధర్

జలంధర్‌తో కలిసి పనిచేయడం కంటే ఎండలో ఇనుప సలాకలు మోయడం నయం. మాది ఆదిలాబాద్ వైపు ఒకే గోండు గూడెం. దోహాలో ఒకే కంపెనీ, క్యాంప్‌లో ఒకే గది. అబూ హమూర్ షెడ్డులో స్టేజీ సెట్లు తయారుచేసి, పెద్ద హోటళ్లలో బిగించడం మా డ్యూటీ.

ఆ రోజు బిగించింది అర్జెంటీనా కొండల్లోని ఒక ఉప్పు మైదానం. బ్యాటరీలకు పనికొచ్చే ఖనిజం అందులో ఉందట. దాన్ని తవ్వబోయే కంపెనీ పెట్టుబడి కోసం ఇక్కడ మీటింగు పెట్టింది. స్టేజీ వెనక ఆ నేల ఫొటో కట్టి, మధ్యలో బస్తాల కొద్దీ నిజం ఉప్పు పరిచాం.

అక్కడి ఆదివాసీలు ఒప్పుకున్నారని చూపిస్తేనే బ్యాంకులు డబ్బిస్తాయి. అందుకే రోసెండా అనే పెద్దావిడకు టికెట్ కొని తెచ్చారు. ఆమె వచ్చింది మాత్రం కుదరదని మొహం మీద చెప్పడానికి. అది తెలిసి ఆమె ప్రసంగం తీసేశారు, ఫొటోలో నిలబడితే చాలన్నారు. ఆమెతో రావాల్సిన నలుగురైతే అసలు రానే లేదు.

మా సూపర్‌వైజర్ కృష్ణప్రసాద్‌ది భీమవరం వైపు. రంగు ఈకల టోపీలు నాలుగు తెచ్చి మా ఇద్దరి ముందు, ఇంకో ఇద్దరు కూలీల ముందు పడేశాడు.

"ఏవయ్యా, ఆ నలుగురి బదులు మీరు నిలబడండి. మొహాలు సరిగ్గా సరిపోయాయి. యల్లా, త్వరగా పెట్టుకోండి."

నాకు ఒళ్లు మండింది. రోసెండా ఒక టోపీని అటూ ఇటూ తిప్పి చూసి పగలబడి నవ్వింది.

"కోడి," అంది వచ్చీరాని ఇంగ్లీషులో. "మా దగ్గర చలి. ఉన్ని టోపీలు పెట్టుకుంటాం." నవ్వు ఆగాక మెల్లగా అంది. "మిమ్మల్ని చూసి ఊరంతా ఒప్పుకుందనుకుంటారు. తవ్వితే మా నీళ్లు పోతాయి."

సిగ్గేసింది. అయినా ఉద్యోగం భయం కొద్దీ టోపీ పెట్టుకున్నాను.

జలంధర్ టోపీని కళ్లకద్దుకుని తల మీద పెట్టుకున్నాడు. ఊళ్లో దీపావళికి ఆడే దండారి ఆటలో వాడు నెమలీకల టోపీతో గుస్సాడి వేషం కడతాడు. ఈకల టోపీ తలకెక్కిందా, మాకు వాడు మనిషి కాదు, దేవుడు.

"ఈకలు పెట్టినంక ఉత్తగ నిలవడరాదురా తిరుమల్," అన్నాడు.

"గివి కోడీకలురా. నోర్మూసుకొని నిలవడు."

స్టేజీ ఎక్కాం. రోసెండాను అప్పటికే ఉప్పు మీద నిలబెట్టారు. కంపెనీ చైర్మన్ మమ్మల్ని చూపించి, ఈ నేల బిడ్డలన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఉప్పు మీదికి రమ్మని చెయ్యి ఊపాడు.

జలంధర్ ఉప్పు అంచున ఆగిపోయాడు. దండారి బృందం పరాయి ఊరికి పోతే, ఆ ఊరి పటేల్ రమ్మనేదాకా గుస్సాడి కాలు పెట్టడు. ఆ ఉప్పు పొద్దున తానే పరిచిన సంగతి కూడా మరిచాడు వెర్రిబాగులవాడు. గుస్సాడి పటేల్ ముందు పెట్టే చేతికర్ర లేదు కాబట్టి నడుముకున్న సుత్తి తీసి రోసెండా కాళ్ల ముందు పెట్టి, దండం పెట్టాడు.

"మేడమ్, దిస్ యువర్ ల్యాండ్. ఐ కమింగ్. పర్మిషన్?"

రోసెండా చైర్మన్ చేతిలోని మైకు లాక్కుంది.

"నువ్వు అడిగావు, రా," అంది వాడితో. చైర్మన్ వైపు తిరిగింది. "మీరు అడగలేదు. అడిగినా ఇవ్వం."

ముందు వరసలో బ్యాంకు మనిషి లేచి, మరి ఈ నలుగురూ ఎవరన్నాడు. కసి కొద్దీ నేను టోపీ తీసేశాను.

"తెలంగాణ, సర్."

పెట్టుబడి సంతకాలు ఆగిపోయాయి. తెర వెనక కృష్ణప్రసాద్ జలంధర్ చొక్కా పట్టుకున్నాడు.

"ఫొటోకి నిలబడమంటే పర్మిషన్ ఏంట్రా? నిన్నెవడు అడగమన్నాడు?"

"అడగాలె గద సార్," అన్నాడు జలంధర్. "మా పోడు చేన్ల ఫారెస్టోళ్లు అడగకుంటనే మొక్కలు నాటిండ్రు. గందుకే నేనీడ ఉన్న."

ఆ వారమే మా ఇద్దర్నీ ఇంటికి పంపేశారు. ఇల్లంటే మరేం లేదు, ఆ మొక్కల పక్కనే. వాటిని పీకడానికి మేం ఎవణ్ణీ పర్మిషన్ అడగలేదు.