శ్రుతి తప్పింది ఎక్కడ?

శనివారం సాయంత్రం చర్చిలో పాటల సాధన జరుగుతోంది. బల్లలు గోడవారకు జరిపి పదిమంది నిలబడ్డారు. పాడించేది నర్సమ్మ. పగలంతా ఆసుపత్రిలో సూదిమందులు, వారాంతాల్లో చర్చిలో పాటలు. ఏళ్ళ తరబడి ఆమె బతుకు అదే. కీబోర్డు వాయించేది ఆమె తమ్ముడు. ముందు వరసలో పాడేది అతని భార్య.

రెండో చరణం దగ్గర మరదలు కాస్త ఆలస్యంగా అందుకుంది. తమ్ముడు వాయించడం ఆపి నవ్వాడు.

"పర్లేదులెండి, ఇంటికెళ్ళాక నేను నేర్పిస్తాగా!"

అందరూ గొల్లుమన్నారు. అక్కడుంటే మనమూ నవ్వేవాళ్ళమే. మరదలు జాకెట్టు చేతిని మణికట్టు మీదికి లాక్కోవడం నర్సమ్మ ఒక్కతే చూసింది.

మంచినీళ్ళ వంకతో మరదలిని వెనక గదిలోకి పిలిచింది. మణికట్టు దాకా ఉన్న జాకెట్టు చేతిని పైకి జరిపింది. చర్మం కమిలి నల్లబడి ఉంది.

"తలుపు తగిలింది వదినా."

"తలుపుకి అయిదు వేళ్ళుంటాయా?"

మరదలు తల దించుకుంది. "ఎవరితోనూ అనకు వదినా. రేపు పాటుంది. ఆయన అలిగి రాకపోతే అందరూ నన్నే అంటారు. కొట్టాక ఆయనే ఏడుస్తారు, మోకరించి ప్రార్థన కూడా చేస్తారు."

అమ్మ పోయాక నర్సమ్మ ఒళ్ళోనే పెరిగాడు తమ్ముడు. మీటల మీద ఒక్కొక్క వేలూ పెట్టించి వాయించడం నేర్పింది తనే.

నేరుగా పాస్టరుగారి గదికి వెళ్ళి సంగతి చెప్పింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఆదివారం గడవనీయమ్మా. తర్వాత ఇద్దర్నీ కూర్చోబెట్టి నేనే మాట్లాడతాను. సంసారం నలుగురి నోళ్ళలో పడకూడదు."

"మరి ఈ రాత్రి గడిచేదెట్లాగండీ? ఆ పిల్ల ఇప్పుడు ఆ ఇంటికే వెళ్ళాలి."

పాస్టరుగారు బల్ల మీది కాగితాలు సర్దుకోసాగారు.

నర్సమ్మ మరదలి చెయ్యి పట్టుకుని గేటు దాటబోతుంటే తమ్ముడు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"మా ఇంటికి."

"మొగుడూ పెళ్ళాలన్నాక సవాలక్ష ఉంటాయక్కా. నువ్వు నీ పాట చూసుకో." అతని చెయ్యి భార్య భుజం మీద పడింది. ఆమె అక్కడికక్కడే ముడుచుకుపోయింది. బృందమంతా చూస్తోంది. ఒక్కరూ కదల్లేదు.

"చెయ్యి తియ్యరా."

"నేను లేకపోతే రేపు మీ పాట పైకి లేవదు, తెలుసుగా!"

"లేవకపోతే కూర్చునే పాడుకుంటాం. తియ్యి!"

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పాస్టరుగారు వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డారు. పక్కకు జరగలేదు. తమ్ముడు భార్య భుజం వదిలేసి, గేటు ధడేలుమనిపించి వెళ్ళిపోయాడు.

ఆదివారం కీబోర్డు తెరవలేదు. పాట మరీ పైశ్రుతిలో మొదలైంది, గొంతులు అందక మధ్యలో విరిగిపోయింది. నర్సమ్మ మళ్ళీ ఎత్తుకుంది. "ఇంటి గొడవ గుళ్ళోకి తెచ్చింది" అని వెనకనుంచి ఎవరో గొణిగారు. డప్పు వాయించేవాడు లేచి బయటికి పోయాడు. పాట ఎలాగో ఒడ్డున పడింది.

పాస్టరుగారు వేదిక మీదికి వచ్చారు. చేతిలోని బైబిలు తెరవలేదు.

"నిన్న ఒకామె తిన్న దెబ్బల సంగతి నా దాకా వస్తే, ఆదివారం గడవనీయమన్నాను. పాట చెడిపోతుందని భయపడ్డాను. పాట ఆ ఇంట్లో ఎప్పుడో చెడిపోయింది. మనిషిని కొట్టే చెయ్యి ఎంత బాగా వాయించినా అది ఆరాధన కాదు. తెలిసి కూడా దానికి తాళం వేస్తే, ఆ దెబ్బలో మన చెయ్యీ ఉన్నట్టే."

చివరి బల్ల మీద కూర్చున్న మరదలు లేచి నడిచి వచ్చింది.

"వదినా, పోలీస్ స్టేషనుకు నాతో వస్తావా?"

నర్సమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాను పెంచినవాడి మీద ఫిర్యాదు! పాటల పుస్తకం మూసి,

"పద," అంది.