కుట్టుపిట్ట ఫొటో

పిట్ట బొటనవేలంత, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినపడేంత. టైలరక్క మిషను ముందు కూర్చునే కిటికీకి అవతల, పెద్ద కుండీలో పెరిగిన అంజూరం మొక్క మీదికి అది పొద్దున్నే వచ్చి వాలేది. నెత్తిన ఇటుకరంగు టోపీ, వీపు ఆకుపచ్చ, పొట్ట మాసిన తెలుపు. తోక ఎప్పుడూ నిక్కబొడుచుకునే ఉండేది, ఎవరితోనో తగువుకు దిగబోతున్నట్టు. ఒక్కచోట కాలు నిలవదు. ఆకు కింద పురుగును పట్టడం, అటో గెంతు, ఇటో గెంతు, మళ్లీ అరుపు.

"చాల్లే తల్లీ, మిషను చప్పుడు కూడా వినపడనివ్వవు" అని టైలరక్క విసుక్కునేది గానీ, అది రాని పూట ఆమెకు పనిమీద మనసు నిలిచేది కాదు.

ఒకరోజు ఆ పిట్ట వెడల్పాటి ఆకు అంచుకు ముక్కుతో చిల్లు పొడుస్తూ కనపడింది. ఎక్కణ్ణించో దూది పీచు, సాలెగూటి పోగు తెచ్చింది. చిల్లులోంచి దూర్చి, పక్క ఆకును దగ్గరికి లాగి కుట్టేసింది. చిల్లుకు అవతల పీచు విచ్చుకుని, జారకుండా పట్టుకుంది. ముడి లేదు, అయినా ఊడదు. టైలరక్క నోరు తెరుచుకుని చూస్తూ, చేతిలో ఉన్న చొక్కాకు కుడి చెయ్యి ఎడమవైపు వేసి కుట్టేసింది. తర్వాత అది విప్పడానికి ఒక పూట పట్టింది.

రెండాకుల సంచిలో దూది పరిచి గూడు సిద్ధమైంది. దానిమీద ఇంకో పెద్ద ఆకు వాలి ఉండటంతో, పక్కన నిలబడినా లోపల గూడున్నట్టు తెలిసేది కాదు. టైలరక్క ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకుంది. ఉండబట్టలేక తమ్ముడికి చెప్పింది.

తమ్ముడంటే ఆమెకు ప్రాణం. అమ్మ పోయాక తనే అమ్మై పెంచింది. ఇప్పుడతను ఫొటోగ్రాఫర్. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకూ గోడమీది ఫొటోలు చూపించి "మా తమ్ముడు తీశాడు" అనడం, మెళ్లో టేపు వేసుకున్నంత అలవాటు ఆమెకు.

"దగ్గరికి మాత్రం వెళ్లకురా. చూస్తే కిటికీలోంచి చూడు, అంతే."

"సరేలే అక్కా, నేనేమైనా చిన్నపిల్లాణ్ణా?"

పిల్లలు పుట్టాయి. అవి ఆమెకు కనపడలేదు, సన్నటి కిచకిచలు వినపడ్డాయంతే. తల్లీ తండ్రీ వంతులేసుకుని పురుగులు తెచ్చి, ఆ పెద్దాకు కిందికి దూరి వెళ్లేవి. పిల్లలు ఎగిరిపోయే రోజున కళ్లారా చూడాలని టైలరక్క ఆశ.

ఒక మధ్యాహ్నం, తను కుట్టిన కొత్త కోటు అమరిందో లేదో చూడటానికి ఆమె కుట్టించుకున్నవాళ్లింటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గూడు చిరిగి వేలాడుతోంది. పైన కప్పిన పెద్దాకు లేదు. పిట్టలు రెండూ కొమ్మకొమ్మా తిరుగుతూ గొంతు చించుకుంటున్నాయి. కుండీ పక్కన ఎదురింటి పిన్నిగారి పిల్లి, ఎండకు పడుకుని పంజా నాక్కుంటోంది.

టైలరక్కకు ఒళ్లు మండిపోయింది. సరాసరి ఎదురింటి గుమ్మంలోకి వెళ్లింది.

"మీ పిల్లి నా పిట్టల్ని పొట్టన పెట్టుకుందండీ!"

"మా పిల్లికి పళ్లే లేవు కదమ్మా. కుర్చీ ఎక్కాలన్నా నేనే ఎత్తి కూర్చోబెట్టాలి."

"పిల్లే అక్కా" అన్నాడు వెనకాలే వచ్చిన తమ్ముడు. "చప్పుడు విని నేను బయటికొచ్చేసరికి దిగిపోతోంది."

కళ్లతో చూసినవాడే చెప్పాక ఇంకేం కావాలి? టైలరక్క నోటికొచ్చిందల్లా అనేసింది. పిన్నిగారు వెళ్లి కుండీ పక్కనున్న పిల్లిని చంకనేసుకొచ్చి తలుపు మూసుకుంది. ఆ రోజు నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు.

మర్నాడు కత్తెర సరిగ్గా ఆడలేదు. దాని అంచుకు ఏదో జిగురు అంటుకుని ఎండిపోయింది. ఆ ఇంట్లో బట్ట కత్తెర బట్టకే, దాంతో కాగితం కోసినా టైలరక్క ఊరుకోదు. కాలరులో వేసే కాన్వాసు జిగురేమోలే అనుకుని తుడిచి పెట్టింది.

కొన్నాళ్లకు తమ్ముడు ఫ్రేము కట్టించిన ఫొటో ఒకటి పట్టుకుని, మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"పోటీలో మొదటి బహుమతి అక్కా! అప్పుడే చూపిస్తే బాధపడతావని దాచాను."

టైలరక్క చేతులు తుడుచుకుని అందుకుంది. మూడు నోళ్లు, పసుపుపచ్చగా, బార్లా తెరుచుకుని ఉన్నాయి. తను చూడలేకపోయిన పిల్లలు. ఆమె కళ్లు చెమర్చాయి. ఎండ నేరుగా గూట్లోకి పడి, కుట్టు కుట్టూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది.

గూట్లోకి ఎండ ఎలా వచ్చింది?

ఫొటో పై అంచున ఒక ఆకు కాడ ఉంది. ఏటవాలుగా, నున్నగా తెగి ఉంది. కొసన తెల్లటి పాలచుక్క వేలాడుతోంది. టైలరక్క ఆ చుక్క వంక చూసి, బల్లమీది కత్తెర వంక చూసింది. చిరగడానికీ కోతకూ తేడా ఆమెకు ఒకరు చెప్పాలా?

"నా కత్తెరతోనే కోశావా?"

తమ్ముడి నవ్వు ఆగిపోయింది. "ఒక్క ఆకే కదక్కా. వెలుతురు చాల్లేదు. ఫొటో తీశాక దేనితోనైనా కప్పేద్దామనే అనుకున్నా. ఇంతలో ఫోనొచ్చి లోపలికెళ్లా. వచ్చేసరికి కాకి..."

"కాకా!"

"కావాలని చేశానా ఏంటి?"

"ఆకు కోశావు, సరే, ఆశ పుట్టిందనుకుంటా. పిన్నిగారి గుమ్మంలో నేను నోరు పారేసుకుంటుంటే పక్కన నిలబడి పిల్లే అన్నావే, అదీ వెలుతురు కోసమేనా?"

పరాయివాడు చేసుంటే నాలుగు తిట్లు తిట్టి మర్చిపోయేది. వీడు తన చేత్తో పెరిగినవాడు. ఎక్కడ కోస్తే తనకు తెలియదో చూసుకుని మరీ కోశాడనిపించింది టైలరక్కకు.

ఆమె ఫొటోను గోడకు తగిలించలేదు. చంకలో పెట్టుకుని వీధి దాటింది. పిన్నిగారు తలుపు ఓరగా తీసింది. పిల్లి మాత్రం పాత పగలేవీ పెట్టుకోకుండా వచ్చి టైలరక్క కాళ్లకు రాసుకుంది.

"మీ పిల్లి కాదు పిన్నిగారూ, కాకి. తెలియక అన్నేసి మాటలన్నాను. క్షమించండి."

పిన్నిగారు తలుపు పూర్తిగా తీసి, కళ్లజోడు పెట్టుకుని ఫొటో అందుకుంది.

"అయ్యో, ఎంత ముద్దుగా ఉన్నాయమ్మా! ఎవరు తీశారు?"

అలవాటైన ఆ మూడు మాటలు టైలరక్క పెదాల దాకా వచ్చి ఆగాయి.

"ఎవరో ఫొటోగ్రాఫరండీ" అంది, అవతలి గుమ్మంలో నిలబడ్డవాడికి వినపడేలా.