సోఫా సందులో

"రెండు నెలలుగా దీని కడుపులోకి మందు వెళ్లినట్టే లేదమ్మా," అంది పశువుల డాక్టరమ్మ, పిల్లి రక్తపరీక్ష కాగితం బల్లమీద తిప్పి చూపిస్తూ.

సిస్టరమ్మకు తల కొట్టేసినట్టయింది. ముప్ఫై నాలుగేళ్లు ఆసుపత్రి వార్డులో రోగులచేత మాత్రలు మింగించిన మనిషి ఆమె. రిటైరై మూడేళ్లయినా వీధిలో అందరూ ఇంకా సిస్టరమ్మ అనే పిలుస్తారు. బుగ్గన దాచుకునే ముసలాళ్లు, దిండు కింద దోపే కుర్రాళ్లు, వాంతి వస్తోందని నాటకాలాడేవాళ్లు, ఎవరి పప్పులూ ఆమె దగ్గర ఉడకలేదు. అలాంటిది మూడు కిలోల పిల్లి చేతిలో పరువు పోయింది.

"నా కళ్లముందే మింగిందమ్మా! నోరు మూసిపట్టి గొంతు నిమిరాను. ముక్కుమీద ఊదాను. మూతి కూడా నాక్కుంది."

"మూతి నాక్కుని మరీ బుగ్గలో దాచుకునే ఘటాలుంటాయి. మీరు వదలగానే ఎక్కడో ఉమ్మేస్తోంది. ఇల్లంతా వెతకండి. ఇలాగే చిక్కిపోతే ఎన్నాళ్లో బతకదు."

ఆ మాటతో సిస్టరమ్మ డాక్టరమ్మను ప్రశ్నలతో ముంచెత్తింది. మాత్ర మరీ చేదా? గొంతుకు అడ్డం పడుతోందా? వేసుకున్నాక కడుపులో తిప్పుతుందా? పాపం నోరులేని జీవి, ఏం బాధపడుతోందో ఎలా తెలుస్తుంది? డాక్టరమ్మ ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పి, చివరికి ఖాళీ క్యాప్సూళ్ల డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. అరమాత్ర అందులో పెట్టి, పైన కాస్త వెన్న రాసి వేస్తే చేదు తెలియదట.

పిల్లి దొరసాని మాత్రం బుట్టలోంచి అంతా వింటూ, తనకేం సంబంధం లేనట్టు కళ్లు మూసుకుంది.

ఇంటికి రాగానే సిస్టరమ్మ టార్చిలైటు తీసింది. భర్త కిటికీ దగ్గర బల్లమీద వాచీ విప్పుకుని కూర్చున్నాడు. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. కిందటేడు ఆయన గుండె గతి తప్పి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. అప్పట్నుంచి రోజూ పొద్దున ఓ గులాబీరంగు మాత్ర వేసుకోవాలి. అది మానితే గుండె ఎప్పుడైనా ఆగిపోవచ్చని పెద్ద డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. మొదట్లో సిస్టరమ్మ ఆయన్ని నోరు తెరవమని, నాలుక ఎత్తమని కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూసేది. దొరసానికి జబ్బు చేశాక అంత తీరిక లేదు. ఆయన చేతిలో మాత్ర పెట్టి తను మంచం కింద దూరిన పిల్లి కోసం పరుగెత్తేది. దాన్ని పట్టుకొచ్చేసరికి ఆయన సోఫా చివర ఒళ్లో టవల్ పరుచుకుని, దాన్ని చుట్టి పట్టుకోవడానికి సిద్ధంగా ఉండేవాడు. "వేసుకున్నారా?" అంటే "ఊ" అనేవాడు.

"ఇది ఎక్కడో ఉమ్మేస్తోందటండీ," అంటూ ఆమె మోకాళ్లమీద కూలబడి మంచం కింద, బీరువా వెనక, చెప్పుల స్టాండు చాటున వెతికింది. దుమ్ము తప్ప ఏమీ లేదు. సోఫా వైపు తిరిగింది.

"సోఫా నేను చూశాలే," అన్నాడు భర్త, తల ఎత్తకుండా.

"ఎప్పుడు చూశారు?"

ఆమె సోఫా చివర, సీటుకీ చేతికీ మధ్య సందులో చెయ్యి దూర్చింది. పసుపుపచ్చ అరమాత్రలు బొచ్చుతో కలిసి గుప్పెడు వచ్చాయి. "దొంగముండా, ఇక్కడా నీ ఖజానా!" అని మళ్లీ చెయ్యి పెట్టింది. ఈసారి వచ్చినవి గులాబీరంగువి. ముక్కలు కావు. నిండు మాత్రలు. నాలుక తడికి పైరంగు కాస్త కరిగి ఎండినవి.

ముప్ఫై నాలుగేళ్ల అలవాటు కొద్దీ చేతులు వాటంతటవే లెక్కపెట్టాయి. యాభై ఒకటి.

యాభై ఒక్క రోజులు ఈ మనిషి ఏ ఆధారమూ లేని గుండెతో మెట్లెక్కాడు, దిగాడు, తన పక్కన పడుకున్నాడు. పైగా నిన్ననే పక్కింటావిడతో ఏమంది తను? 'మా ఆయన చూడు, మాత్ర పడ్డాక ముఖం ఎలా తేరుకుందో!'

"ఏమండీ," అంది ఎట్టకేలకు, "ఇవి పిల్లివి కావు."

ఆయన సన్నపట్టకారు కింద పెట్టేశాడు. "కావు."

"చచ్చిపోయేవాళ్లు! తెలుసా మీకు? నా పక్కలో చచ్చిపోయేవాళ్లు!"

"అది వేసుకుంటే చేతులు వణుకుతాయే. స్క్రూ పట్టలేకపోయాను. ఒకావిడ వాచీ చేతిలోనే పాడైంది. నీకు చెప్పానుగా."

"ఎప్పుడు చెప్పారు?"

"మూడుసార్లు. 'అందరూ ఇదే అంటారు, మాట్లాడకుండా మింగండి' అన్నావు."

నిజమే, అన్నది. తన గొంతు తనకే వినిపించింది. వార్డులో ఎన్ని మంచాల దగ్గర అదే మాట అదే గొంతుతో అందో, వాళ్లలో ఎందరు నిజం చెప్పారో! సిస్టరమ్మ గోడకు ఆనుకుని నేలమీదే కూర్చుండిపోయింది.

"ఇంకో మాట," అన్నాడాయన. "దొరసాని ఉమ్మేస్తోందని నాకు మొదటిరోజే తెలుసు. చెబితే నువ్వు ఆ సందు వెతుకుతావు. నేను దొరికిపోతాను. అందుకని దాని ఎముకలు తేలుతుంటే చూస్తూ ఊరుకున్నాను. నాకంటే పిరికివాడు ఉండడే."

ఆమెకు ఆయన్ని తిట్టాలనీ ఉంది, పట్టుకుని ఏడవాలనీ ఉంది. రెండూ చేతకాక ఫోన్ తీసి గుండె డాక్టరుకు కలిపింది. విషయం చెప్పింది. అవతల డాక్టరు అదిరిపడి, వెంటనే తీసుకురమ్మని, అసలెందుకు మానేశారని అడిగాడు. మొండితనం డాక్టరుగారూ అనబోయి ఆగింది. లేచి వెళ్లి ఫోన్ భర్త చేతిలో పెట్టింది.

"మీరే చెప్పండి. నేను వింటాను."

ఆయన ఆమె ముఖంలోకి ఓసారి చూసి మొదలుపెట్టాడు. చేతులు వణకడం, నోట్లో ఇనుము రుచి, పొద్దున లేవగానే కాళ్లు తూలడం. మొదటిది తప్ప ఆమెకు తెలియనివే అన్నీ. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మానేశాక కూడా ఒకటి జరిగింది డాక్టరుగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "పోయిన వారం బాత్రూంలో కళ్లు చీకట్లు కమ్మి పడిపోయాను. ఎంతసేపు పడున్నానో తెలీదు... అప్పుడు మా ఆవిడా? ఇంట్లోనే ఉందండీ, పిల్లికి మందేస్తోంది... లేదండీ, తనకి చెప్పలేదు. పక్కనే ఉంది. ఇప్పుడే వింటోంది."