ఈశ్వరయ్య పెట్టిన షరతు

కిరాయి పెంచుతానంటే గోవర్ధన్ బేరమాడేవాడే. పెంచనన్నాడు ఇంటి ఓనరు ఈశ్వరయ్య, చిక్కంతా అక్కడే వచ్చింది. పదకొండు నెలల అగ్రిమెంటు నెలాఖరుకు అయిపోతుంది, మళ్లీ రాయించుకుందామని కిందికి పిలిచి, కుర్చీ వేసి, చాయ్ ఇప్పించి మరీ చెప్పాడు ఆ పెద్దమనిషి.

"కిరాయి గంతే ఇయ్యి. సున్నం గూడ ఏపిస్త. గని ఒక్క మాట. మీ అమ్మ పానం బాగలేదు. రేపు ఆమెకు ఏమన్న అయితే దవాఖాన కాడి నుంచి అటే తీస్కపో. ఇంటికి తేవద్దు."

చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు గోవర్ధన్. బతికున్న మనిషి గురించి, రోజూ సాయంత్రం ఇదే అరుగు మీద కూర్చుని ఈయనగారి తండ్రి బాలమల్లుతో ముచ్చట్లు పెట్టే మనిషి గురించి, నల్లా నీళ్ల సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పేశాడు. ఒళ్లు మండిపోయింది. నీ ఇల్లూ వద్దు, నీ సున్నమూ వద్దు, ఖాళీ చేస్తామని లేచి వచ్చేశాడు.

అనడం తేలికే. కిరాయి ఇంట్లో చావు జరిగితే ఓనరుకు అరిష్టమని, ఆ ఇల్లు మళ్లీ ఎవరూ తీసుకోరని ఇక్కడ అందరికీ భయం. పీనుగను గేటు లోపలికే రానివ్వరు. రోడ్డు పక్కన టెంటు వేసి, లారీలు దుమ్ము కొడుతుంటే అక్కడే స్నానం చేయించి తీసుకుపోయిన సంసారాలను గోవర్ధన్ కళ్లారా చూశాడు. పోనీ సొంత ఊరికి తీసుకుపోదామంటే, పొలం ఎన్నడో ప్లాట్ల వెంచరులో కలిసిపోయింది, మట్టిగోడల ఇల్లు వానలకు కూలిపోయింది. తల్లి ముత్తమ్మను తెచ్చి దింపుకోవడానికి శంషాబాద్‌లోని ఈ రెండో అంతస్తు వాటా తప్ప భూమ్మీద వాళ్లకు చోటు లేదు. వేసవిలో గుండె నొప్పితో దవాఖానలో పడి లేచింది ఆమె. డాక్టరు జాగ్రత్త అన్నాడే గాని భరోసా ఇవ్వలేదు.

ఎయిర్‌పోర్టు వచ్చిన నాలుగేళ్లలో శంషాబాద్ పొలాలన్నిటా బిల్డింగులు మొలిచాయి, బిల్డింగులన్నిటికీ టులెట్ బోర్డులు మొలిచాయి. గోవర్ధన్ అదే ఎయిర్‌పోర్టులో విమానాలకు సామాన్లు ఎక్కించే పనిలో ఉన్నాడు. డ్యూటీ దిగడం, భార్య శోభను బండి మీద ఎక్కించుకోవడం, ఇళ్ల వేటకు పోవడం. ఆరాంఘర్ దగ్గర ఒకాయన ఎంతమంది ఉంటారని అడిగి, ముసలామె ఉందనగానే ఆమె వయసు, రోగం, మందులు అన్నీ అడిగాడు. ఆ డాక్టరైనా అన్ని ప్రశ్నలు వెయ్యలేదు. బుద్వేల్‌లో ముత్తమ్మను వెంటబెట్టుకునే పోయారు. ఆమె మెట్ల మధ్యలో ఆగి ఆయాసపడుతుంటే ఇంటామె మంచినీళ్లిచ్చి, వీపు నిమిరి, చివరికి ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశామంది. పైకి ఎక్కేటప్పుడు లేని కిరాయిదారు కిందికి దిగేసరికి ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో ఆమెకే తెలియాలి.

ఇక లాభం లేదనుకుని హిమాయత్ సాగర్ వైపు చూసిన ఇంట్లో గోవర్ధన్ అబద్ధమాడాడు. మేమిద్దరమే ఉంటామన్నాడు. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు, ఓనరుకు వీళ్లు నచ్చారు, అంతా కుదిరినట్టే ఉంది. అంతలో శోభ అర్రలన్నీ తిరిగి చూసి, అత్తమ్మ మంచం ఈ కిటికీ కింద వేద్దాం, ఎండ తగులుతుంది అనేసింది. అంతే, ఓనరు ముఖం మాడిపోయింది.

తిరుగుదారి పొడుగునా గోవర్ధన్ బండి మీద గొణుగుతూనే ఉన్నాడు. నోరు కాసేపు మూసుకుంటే ఏం పోయేది అన్నాడు. శోభ కూడా ఊరుకోలేదు.

"ఉన్న మనిషిని లేదనాలంటే నాకు నోరెట్ల వస్తది? రేపు సామాన్లల్ల కట్టి తెస్తవా ఆమెను?"

గోవర్ధన్ బండి వేగం పెంచాడు. తల ప్రాణం తోకకొచ్చింది. డ్యూటీలో కూడా అదే ధ్యాస. ఎక్కడెక్కడి నుంచో పెట్టెలు వస్తాయి, ప్రతి పెట్టెకూ అది దిగాల్సిన ఊరి పేరు అంటించి ఉంటుంది. వాటిని చూసినా చిరాకే వేసింది.

చివరికి సిగ్గు చంపుకుని ఒక సాయంత్రం కిందికి దిగాడు. ఈశ్వరయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంత తొందరగా అనేస్తే అంత తొందరగా అయిపోతుందని గోవర్ధన్ ఒక్క గుక్కలో అనేశాడు.

"సరే కాకా, నువ్వన్నట్లే కానియ్యి. అమ్మకు ఏమన్న అయితే ఇంటికి తేను."

అని వెనక్కి తిరిగితే, అరుగు మీద స్తంభం చాటున బాలమల్లు పక్కన కూర్చుని ముత్తమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు. బాలమల్లుకు చెముడు గాని ఆమెకు లేదు. ఆ పూట అదే చిక్కుడుకాయ కూర కొడుకు కంచంలో ఇంకొంచెం వేసింది కూడా. నాలుగు తిట్టినా బాగుండేది. గోవర్ధన్ కంచం పక్కకు జరిపి లేచాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మంచిరోజు చూసి కాగితం రాసుకుందామన్నాడు ఈశ్వరయ్య. ఆ మంచిరోజు రాకముందే, మధ్యాహ్నం అన్నం తిని ఫ్యాను కింద నడుం వాల్చిన బాలమల్లు మళ్లీ లేవలేదు. సొంత ఇల్లు కనుక నట్టింట్లో పడుకోబెట్టారు, ఎవరూ అడ్డం చెప్పలేదు. పంతులు మాత్రం నక్షత్రం లెక్క చూసి పెదవి విరిచాడు. చెడ్డ నక్షత్రంలో పోయాడు, కింది వాటాకు తాళం వేసి మూడు నెలలు బయట ఉండాలి, లేకుంటే ఆ ఇంట్లో ఇంకో చావు తప్పదన్నాడు.

ఈశ్వరయ్య తల గొరిగించుకుని, దినాలు చేసి, ఇల్లు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. దోషం ఉన్న సంసారాన్ని ఎవరు రానిస్తారు? ఓనర్లు మొహం మీదే చెప్పేశారు. బామ్మర్ది మల్లేశ్వర్ తన కొడుకు పెళ్లుందని తప్పించుకున్నాడు. నిజం చెప్పాలంటే గోవర్ధన్‌కు కడుపులో చల్ల పోసినట్టయింది. తిరగనీ, తెలిసొస్తుంది అనుకున్నాడు. అలా అనుకున్నందుకు కూడా అతనికి సిగ్గనిపించలేదు.

ఆ సంతోషమూ రెండు రోజులే. ఒక పొద్దున ఈశ్వరయ్య మెట్లెక్కి వచ్చి తలుపు బయటే నిలబడ్డాడు. భార్య కొండమ్మ ఒక మెట్టు కింద ఆగిపోయింది. బిల్డింగులో మిగతా వాటాలన్నీ అగ్రిమెంట్ల మీద ఉన్నాయని, ఇదొక్కదానికే గడువు తీరిందని, మీరు ఖాళీ చేస్తే మేం తలదాచుకుంటామని నేల చూపులు చూస్తూ చెప్పాడు.

గోవర్ధన్ ఇన్నాళ్లూ మింగిందంతా ఒక్కసారి బయటికొచ్చింది. నువ్వు చెప్పమన్న మాట చెప్పిన తర్వాత కూడా పొమ్మంటావా, మాకు దొరకని ఇల్లు ఇప్పుడెక్కడ దొరుకుతుంది, నీ దోషం మా నెత్తిన రుద్దుతావా అని గట్టిగా అరిచాడు. లోపలి నుంచి గోడ పట్టుకుని ముత్తమ్మ వచ్చింది.

"బయట నిలవడ్డవేంది తమ్మీ, లోపటికి రా."

"రావద్దక్కా. ఇంట్ల చావైనోన్ని. నేనొస్తె మీకు మంచిది గాదు."

ముత్తమ్మ గోడ వదిలి గడప దాకా వచ్చి కూర్చుంది. ఆయాసం తగ్గేదాకా ఆగింది.

"ముందటర్ర మీరు తీస్కోండ్రి, ఎనుకటర్ర మేం ఉంటం. మూడు నెల్లే గద. జర ఇరుకైతది, అయితే అయింది."

గోవర్ధన్ నోరు తెరవబోతే శోభ చెయ్యి పట్టుకుని ఆపింది. కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. మీకు భయం లేదా అక్కా అని ఈశ్వరయ్య అడిగాడు.

"నాకేం భయం. గని తమ్మీ, నా కొడుకు నీకు ఒక మాటిచ్చిండు, నన్ను ఇంటికి తేనని. ఆ మాట వానికి వాపసియ్యి. అట్లయితెనే లోపటికి రా."

గోవర్ధన్ తల ఎత్తలేకపోయాడు. ఈశ్వరయ్య తను కట్టించిన గడప వంక చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, ఇచ్చేస్తున్న అక్కా, వాపసిచ్చేస్తున్న అంటూ లోపలికి వచ్చాడు.

శోభ చాయ్ పెట్టడానికి పోయింది. ముందటి గది ఖాళీ చెయ్యాలి కనుక గోవర్ధన్ తల్లి మంచానికి ఒక వైపు పట్టాడు. కళ్లల్లో నీళ్లు కమ్మి దారి కనబడటం లేదు. రెండో వైపు ఈశ్వరయ్య వచ్చి పట్టాడు.

"మెల్లగ పట్టుండ్రి," అంది ముత్తమ్మ గడప దగ్గరి నుంచి, "తలాపు దిక్కు మంచం కోడు ఊగుతది."