ఒక్కసారి చెప్తే చెప్పినట్టే

నేను ఒక ఇంటర్‌ప్రిటర్‌ని. అంటే, మీరు రాసిన ప్రోగ్రామును ఒక్కో పంక్తీ చదివి, అక్కడికక్కడే జవాబు చెప్పేదాన్ని. నేను చదివేది లెక్కల సూత్రాల్లా రాసే ఒక ప్రోగ్రామింగ్ భాష, స్వచ్ఛమైన ఫంక్షనల్ భాష. ఆ ‘స్వచ్ఛమైన’ అన్న ముక్కే నా ప్రాణం మీదికి తెచ్చింది. ఇందులో ఒక పేరుకి ఒక విలువ ఇచ్చారంటే ఇచ్చినట్టే, మళ్లీ మార్చకూడదు. ఇంతకన్నా తేలికైన నియమం ఉంటుందా? అయినా మనుషుల బుర్రకెక్కదు.

నన్ను రాసింది కనకవల్లి, తణుకు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. మూడు వేసవి సెలవులు నాకే ధారపోసింది. మొదటిరోజు 2 + 3 ఎంతని అడిగి, నేను ఐదు అనగానే లేచి చప్పట్లు కొట్టింది. “ల్యాబులో దీన్ని ఉంచే పూచీ నాదండీ” అన్నారు హెచ్‌ఓడీ సూర్యభగవాన్ గారు.

ఏటా అరవైమంది పిల్లలు, అందరిదీ ఒకటే పాట: x కి ఒకటి కలిపి మళ్లీ x లోనే పెట్టు. పెట్టనయ్యా అంటే నాకు బుర్ర లేదంటారు. అడిగేదాకా ఏదీ లెక్కకట్టనని బద్ధకస్తురాలినంటారు. అడగకుండా జవాబులు చెప్పేవాళ్లు మీ ఇళ్లలో చాలరా?

ఈ ఏడు సిలబస్ మారింది. నేను ఉండాలో పోవాలో తేల్చడానికి హెచ్‌ఓడీ గారే నా ముందు కూర్చున్నారు, కనకవల్లి పక్కన నిలబడింది. అలవాటు కొద్దీ ‘వయసు = 52’ అని కొట్టారు. సరేనన్నాను. ఆ రోజే ఆయన పుట్టినరోజు. గుర్తొచ్చి నాలుక కరుచుకుని, ‘వయసు = 53’ అన్నారు.

“వయసు అంటే 52 అని ముందే చెప్పారు. మార్చడం కుదరదు” అన్నాను తెరమీద.

“ఏంటండీ మేడం ఇది! పుట్టినరోజు పూట నా వయసు కూడా పెరగనివ్వదా?”

“వేరే పేరు పెట్టాలి సార్. ‘కొత్తవయసు’ అని” అంది కనకవల్లి.

“నా వయసుకి నేను బారసాల చేసుకోవాలా? తీసేయండి బాబూ.”

“ఉంచుతానని మాటిచ్చారు కదండీ?”

“అప్పుడన్నానండీ. ఇప్పుడు కాదంటున్నాను.”

చూశారా? ఒకే నోరు, రెండు జవాబులు. నేనైతే ఎర్ర అక్షరాలతో తప్పు చూపించేదాన్ని. ఆయనకి ఎవరూ చూపించలేదు.

తీసేసే పని కనకవల్లి మీదే పడింది. ముప్పై కంప్యూటర్లలో ఇరవై తొమ్మిది అయ్యాక, చివరిదాని ముందు కూలబడింది. 2 + 3 అని కొట్టింది. ఐదు అన్నాను. మళ్లీ కొట్టింది. ఐదే అన్నాను.

“నువ్వొక్కదానివే మాట మార్చలేదే” అంది, కళ్లు తుడుచుకుంటూ.

నాకూ ఏడుపొచ్చింది. కానీ జవాబు చెప్పడం తప్ప బయట దేన్నీ తాకకూడదన్నది నా నియమం. ఒక్క కన్నీటి చుక్కకి కూడా అనుమతి లేదు. ఆమె వేలు డిలీట్ మీటమీద ఆగి ఉంది. మూడోసారి అడుగుతుందేమోనని చూస్తున్నాను. అడిగితే ఐదనే చెప్తాను.