గిద్దకు కొసరు

నేను ఒక గిద్దను. నవ్వకండి. గిద్దంటే ఏమిటో ఈ రోజుల్లో చాలామందికి తెలియదు కాబట్టి ముందు లెక్క చెబుతాను. నాలుగు గిద్దలైతే సోల, రెండు సోలలైతే తవ్వ, రెండు తవ్వలైతే మానిక. ఆ పైన అడ్డ, కుంచం వగైరా పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. నా కిందవాళ్ళు మాత్రం లేరనే చెప్పాలి. ఇప్పటి లెక్కలో అరవై మిల్లీలీటర్లకు అటూ ఇటూగా ఉండాలి నేను. ఉండాలి అన్నాను గాని ఉన్నానని అనలేదు. ఆ తేడా దగ్గరే నా కథంతా ఉంది.

ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరంలో పుట్టాను. పోత పోసి, సుత్తితో సాపు చేసి, అంచు గుండ్రంగా తిప్పిన కంచరి చెయ్యి మంచిది. పుట్టుకలో నాకు ఏ వంకా లేదు. పాలకొల్లులో నూనెకొట్టు మద్దుల పేర్రాజు గారు నన్ను సోలతోనూ తవ్వతోనూ కలిపి కొన్నాడు. ప్రభుత్వం వారి మనిషి వచ్చి నాలో నీళ్ళు పోసి చూసి, తృప్తిపడి, పక్కన ముద్ర కొట్టి వెళ్ళాడు. అతను సందు మలుపు తిరిగాడో లేదో, పేర్రాజు గారు కళాయి వేసేవాణ్ణి పిలిపించాడు. నా అడుగున ఇత్తడి బిళ్ళ ఒకటి పెట్టించి, చుట్టూ లోహం కరిగించి మాటు వేయించి, మీద కళాయి పూయించాడు. నా పొట్టలో మూడోవంతు ఆ బిళ్ళ కింద సమాధి అయిపోయింది. ముద్ర బయట, కోత లోపల. ఆ తర్వాత చాలామంది మనుషుల్ని చూశాను గాని, వాళ్ళూ దాదాపు అంతే.

పేర్రాజు గారు వట్టి మోసగాడైతే నేనింత గౌరవంగా చెప్పను. ఆయన గొప్ప వ్యాపారి. గిద్దడు నూనె కొలిచి సీసాలో వంచాక, సీసా పట్టుకున్న అమ్మ ముఖం చూసేవాడు. ఒక్క క్షణం ఆగేవాడు. ఆ తర్వాత, "ఇదిగో తల్లీ, కొసరు," అంటూ నన్ను మళ్ళీ ముంచి రెండు చుక్కలు పోసేవాడు. ఇరవై కోసి అయిదు కొసరేవాడన్నమాట. ఆ ఇరవై ఎవరికీ కనబడలేదు. ఆ అయిదు ఊరంతా చెప్పుకుంది. "పేర్రాజు గారి చేతికి ఎముక లేదమ్మా!" అనుకుంటూ వెళ్ళేవాళ్ళు. నిండుగా కొలిచి కొసరు పొయ్యని ఎదుటి కొట్టువాడు పిసినారి అనిపించుకున్నాడు. మనుషులకు కొలత పట్టదు, కొసరే పడుతుంది. ఇది నేను డెబ్బై ఏళ్ళుగా తప్పగా చూడని సూత్రం.

తర్వాత లీటర్లు వచ్చి, మమ్మల్ని కొట్లో లక్ష్మీదేవి పటం కింద అలమారలో పెట్టారు. ఏటా దీపావళికి పసుపు, కుంకుమ, రెండు పూలు. పని చేసినన్నాళ్ళూ దక్కని పూజ పని మానేశాక దక్కింది. పేర్రాజు గారు పోయాడు, ఆయన కొడుకు పోయాడు. బిళ్ళ సంగతి ఇద్దరూ ఎవరికీ చెప్పకుండానే పోయారు. మనవడు సత్యప్రసాదం గద్దె మీద కూర్చున్నాడు.

ప్రసాదం అనే పేరే గాని, అప్పటికి మనిషి మహానైవేద్యంలా ఉండేవాడు. నూట ముప్పై ఎనిమిది కిలోలు. కొట్లో బస్తాలు తూచే కాటా మీదే తూగాడు, వేరేదాని మీద ముల్లు చివరికంటా పోయి అక్కడే ఆగిపోయేది. మోకాళ్ళు మొరాయించాయి, పడుకుంటే ఊపిరాడేది కాదు. చివరికి ఆరేళ్ళ కిందట పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నాడు. కడుపులో నాలుగింట మూడొంతులు కోసి తీసేసి, అరటికాయంత గొట్టం మిగిల్చారు. నా పొట్టకు అడుగున కోత, ఆయన పొట్టకు పక్కన కోత. అక్కడితో మాకు చుట్టరికం కలిసింది.

ఆసుపత్రివాళ్ళు అరవై మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కప్పు ఇచ్చి, దాంతో కొలుచుకు తినమన్నారు. ప్రసాదం దాన్ని చూసి మూతి విరిచాడు. "అరవై అంటే మన గిద్దేగా! తాతగారి ఇత్తడి కొల మనకి ఉండగా ఈ డొక్కు కప్పేంటి?" అని భార్య సువర్చల చేత నన్ను అలమారలోంచి దింపించి, చింతపండుతో తోమించాడు. అప్పటి నుంచి కొట్టు వదిలి వంటింట్లో ఉద్యోగం చేస్తున్నాను. మొదట పూటకు ఒక గిద్ద జావ. ఏడాది తిరిగేసరికి రెండు గిద్దల మెత్తటి అన్నం. తర్వాత మూడు. రోజుకు అయిదు పూటలు. చిటికెడు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

సువర్చలకు ఒకసారి అనుమానం వచ్చింది. "ఏవండీ, దీనికి పైకి కనబడేంత పొట్ట లోపల లేదేమోనండి," అంది.

"మా తాతగారి కొలకే వంక పెడతావా? ముద్ర చూడు!" అని కసిరాడు. ఆవిడ నోరు మూసుకుంది. నాకు నోరుండీ, అంటే అదొక్కటే ఉండీ, చెప్పలేకపోయాను.

రెండేళ్ళలో డెబ్బై కిలోలు దిగాడు. కొత్త చొక్కాలు కుట్టించుకున్నాడు. మెట్లు ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కి చూసుకున్నాడు. ఊరు మాత్రం ఊరుకోలేదు. లావుగా ఉన్నప్పుడు "ఏం తింటున్నాడో!" అన్న నోళ్ళే, సన్నబడ్డాక "ఏం జబ్బో పాపం!" అన్నాయి. ఒకాయన కొట్టుకొచ్చి మరీ, "షుగరేనా అండి, ఇంకేదైనా పెద్దదా?" అని చెవిలో అడిగి, అరకిలో కందిపప్పు తీసుకుని వెళ్ళాడు.

నాలుగో ఏట మూడు కిలోలు పెరిగాడు. డాక్టర్లు అది మామూలే అన్నారు. ప్రసాదానికి మాత్రం గుండెల్లో రాయి పడింది. మూడు కిలోల వెనకాల డెబ్బై కిలోలూ వరసలో నిలబడి ఉన్నాయనుకున్నాడు. అప్పటి నుంచి నన్ను పట్టుకున్న పట్టు మరి వదల్లేదు. పెళ్ళికి వెళ్ళినా నన్ను రుమాల్లో చుట్టి సువర్చల సంచిలో పెట్టించేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటే నమిలి నమిలి పిండి చేసేవాడు. అయినా భయంతో మింగిన ముద్ద గుండె దగ్గర ఆగేది. లేచి పెరట్లోకి పరిగెత్తేవాడు. వారంలో నాలుగు పూటలు నేను కొలిచింది కొలిచినట్టే బయటికి వచ్చేది. సాయంత్రమయ్యేసరికి, రాబోయే పూట గుర్తొచ్చి కొట్టు కట్టడం ఆలస్యం చేసేవాడు. తిండి కోసం మనిషి ఎదురుచూడ్డం నేనెరుగుదును. తిండిని చూసి మనిషి దడుచుకోవడం ఆయన దగ్గరే చూశాను.

ఇక మా గోదావరి వాళ్ళ సంగతి మీకు తెలుసు. విస్తరి ముందు కూర్చున్నవాడు వద్దంటే వాళ్ళకి చెవులు వినబడవు. అందుకని ప్రసాదం ఎవరు పిలిచినా, "ఈవేళ ఏకాదశండి, ఉపవాసం," అనడం మొదలుపెట్టాడు. పంచాంగంలో నెలకు రెండే ఏకాదశులు. ఆయనకు పన్నెండు దాకా వచ్చేవి. ఊళ్ళో ఎవరూ తిథులు లెక్కపెట్టలేదు. "ప్రసాదం గారు ఎంత నిష్ఠాపరులైపోయారండీ!" అని భజన సంఘానికి అధ్యక్షుణ్ణి చేసి, శాలువా కప్పారు. తిండికి దడిసినవాడు ఋషి అయిపోయాడు. ఆ శాలువా ఆయనకు పనికొచ్చింది. అప్పటికి ఎండాకాలంలో కూడా చలి వేస్తోంది, జుట్టు దువ్వెనకు వస్తోంది, గద్దె మీంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

సువర్చల తమ్ముడు గవర్రాజు గృహప్రవేశం నాడు ఏకాదశి మాట చెల్లలేదు. ఆ రోజు పౌర్ణమి.

"బావగారూ, ఆ బుల్లి గిన్నేంటండి, పాపాయికి ఉగ్గు పెట్టేదా?" అన్నాడు గవర్రాజు నన్ను చూసి. పంక్తి అంతా నవ్వింది.

"నాకు ఇంతే చాలు గవర్రాజూ."

"అలాక్కాదండి! మీరు మారు వడ్డించుకోకపోతే మా ఇంటికి వచ్చినట్టే కాదు. బూరె! ఇటు పట్రా! నెయ్యి, నెయ్యి!" చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించాడు. "ఒక్కటేనండి. మా అక్క మీద ఒట్టు."

భార్య మీద ఒట్టు పెట్టాక ఏం చేస్తాడు? ఒక్క బూరె తిన్నాడు. పది నిమిషాలకు ఒళ్ళంతా చెమట, గుండె దడ. చెయ్యి కడుక్కునే దగ్గర గోడ పట్టుకుని, పట్టు తప్పి, జారి పడ్డాడు. గవర్రాజు నెయ్యి గిన్నెతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆ గిన్నె పక్కన పెట్టాలన్న సంగతి కూడా తోచలేదు పాపం. వడ్డించడం తప్ప మనిషికి ఇంకో రకంగా ప్రేమ చూపించడం అతనికి రాదు.

ఆసుపత్రిలో తూస్తే యాభై మూడు కిలోలు. రక్తంలో ఉండాల్సినవి ఏవీ ఉండాల్సినంత లేవు. "ఇంకో రెండు కిలోలు తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపాలి," అని చెప్పేసి డాక్టరు వెళ్ళిపోయాడు. ప్రసాదం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిండి సంగతి చూసే నస్రీన్ అనే అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. పాతికేళ్ళు దాటి ఉండవు.

"బాబాయి గారూ, రోజుకు ఎంత తింటున్నారు?"

"పూటకి మూడు గిద్దలు. అయిదు పూటలు. ఆరేళ్ళుగా లెక్క తప్పలేదమ్మా."

"వాంతులు తీసేసినా ఈ లెక్క కుదరట్లేదండి. అంత తింటే ఇంత నీరసం రాకూడదు. గిద్దంటే ఎంత?"

"అరవై. కావాలంటే చూసుకో. సువర్చలా, తియ్యి!"

నన్ను బల్ల మీద పెట్టారు. నస్రీన్ మందు ఎక్కించే పెద్ద పిచికారీలో సరిగ్గా అరవై దాకా నీళ్ళు పట్టి, నాలోకి వదలసాగింది. పది. ఇరవై. ముప్పై. నలభై దగ్గర నేను నిండాను. నలభై ఒకటి దగ్గర పొర్లాను. మందుల చీటీ తడిసింది.

"ఇది నలభైయేనండి," అంది నస్రీన్.

"నీ పిచికారీ తప్పు!" ప్రసాదం లేచి కూర్చున్నాడు. ఆసుపత్రికి వచ్చాక ఆయన గొంతు పెరగడం అదే మొదలు. "అది మా తాతగారి కొల! ముద్ర ఉంది!"

ఆ పిల్ల నన్ను తిరగేసి గోళ్ళతో అడుగు మీద తట్టింది. ఇత్తడి ఖంగుమనాలి. నేను మొద్దుగా మూలిగాను. "రెండు పొరలున్నాయండి," అంది.

ప్రసాదం నన్ను అందుకున్నాడు. లోపల వేలు పెట్టి అంచు చుట్టూ తిప్పాడు. వ్యాపారి వేలు. మాటు తగిలిన చోట ఆగింది. ముందు నవ్వింది సువర్చలే. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నవ్వు ఆగాక కూడా ఆగలేదు.

"మీ తాతగారు ఊరి నూనెలో కోసిన కోత, తిరిగి తిరిగి మీ పొట్టకే తగిలిందండీ," అంది.

"పూటకి ఒక గిద్ద," అన్నాడు ప్రసాదం మెల్లగా. "మూడింట్లో ఒకటి. ఆరేళ్ళు." తర్వాత నస్రీన్ వైపు తిరిగి, ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. "అమ్మా, కొల తప్పని తెలిసినా, ఆ మిగతా గిద్ద నేను తినలేను. భయం. మళ్ళీ అంత అయిపోతాననే భయం."

"ఒకేసారి తినమనట్లేదండి. మూడూ తిన్నాక అరగంట ఆగండి. పప్పు కట్టో, పెరుగో, పనీరో కొంచెం, కొసరులాగా. ఇక భయం సంగతి. అదీ జబ్బేనండి. దానికీ ఇక్కడ ఒకావిడ ఉన్నారు. వారం వారం వచ్చి ఆవిడతో మాట్లాడండి."

కొసరు అనే మాట విని నేను ఉలిక్కిపడ్డాను.

ఇంటికి వచ్చాక ప్రసాదం నన్ను కంచరి దగ్గరికి తీసుకెళ్ళి ఆ బిళ్ళ ఊడబెరికిస్తానని బయలుదేరాడు. సువర్చల గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఉంచండి. నిండు గిద్దయితే మీరు మళ్ళీ లెక్కకే కట్టుబడిపోతారు. కోత ఉంటేనే కొసరు గుర్తుంటుంది."

ఆయన ఆలోచించాడు. బేరం బాగుందనిపించినట్టుంది. చెప్పులు విడిచాడు.

కొసరు మాత్రం వెంటనే దిగలేదు. మూడు వారాలు సువర్చల చెంచాతో తెచ్చేది, ఆయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆవిడ గవర్రాజు అక్కే గాని, ఒట్టు పెట్టలేదు. వేళ్ళ సందుల్లోంచి పొయ్యలేదు. చెంచా వెనక్కి తీసుకెళ్ళిపోయేది, మర్నాడు మళ్ళీ తెచ్చేది. ఆయన వారం వారం ఆసుపత్రికి వెళ్ళి, భయం సంగతి చూసే ఆవిడతో మాట్లాడి వచ్చేవాడు. బరువు తగ్గలేదు, పెరగలేదు.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం, మూడో గిద్ద అయింది. అరగంటా అయింది. ఆ వేళ సువర్చలకు విసుగొచ్చిందో, మరిచిపోయిందో, చెంచా తేలేదు. నన్ను కడగడానికి తీసుకుని లేచింది. వెనక నుంచి మాట వినబడింది. డెబ్బై ఏళ్ళ కిందట సీసాలు పట్టుకుని నిలబడ్డ అమ్మలు అడిగిన గొంతుతోనే.

"కొసరు లేదా?"

సువర్చల ఒక్క క్షణం ఆయన ముఖం చూసింది. అచ్చం పేర్రాజు గారిలా. అప్పుడు నన్నే పెసరపప్పు కట్టులో ముంచి, అడుగున నాలుగు చుక్కలుండేలా తీసి, ఆయన కంచంలో వంచింది. ఆయన నోట్లో పెట్టుకున్నాడు. నమలడానికి అందులో ఏమీ లేదు, అయినా నమిలాడు. మింగాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూశాడు. ఆవిడ నన్ను పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"దిగింది," అన్నాడు.

ఇప్పుడు నేను వంటింటి గూట్లో, ఉప్పు డబ్బా పక్కన ఉంటున్నాను. ముద్ర బయట ఉంది, బిళ్ళ లోపల ఉంది. ఇవాళ్టికీ నేను తప్పుడు కొలనే. ఊరిని మభ్యపెట్టడానికి నా అంచు మీంచి జారిన ఆ రెండు చుక్కలు మాత్రం, ఇన్నేళ్ళకు, ఈ ఇంట్లో నిజం కొసరు అయ్యాయి.